రాణుల దయ, రఫత్ చావు

ఆదివారం అనుబంధాల్లో యూరపు రాజకుమార్తెల గురించి వ్యాసాలు తరచుగా వస్తుంటాయి. బెల్జియం యువరాణి ఎలిజబెత్ ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర, రాజకీయాలు చదివి 2024లో హార్వర్డ్‌కి వెళ్ళింది. స్పెయిన్ యువరాణి లియోనార్ వేల్స్‌లో చదువు ముగించుకుని 2023లో సైనిక శిక్షణలో చేరింది. నెదర్లాండ్స్ యువరాణి అమాలియా 2021లో, చదువుకునే కాలంలో తనకు వచ్చే లక్షల యూరోల భత్యం వద్దని ప్రధానమంత్రికి ఉత్తరం రాసింది. వాళ్ళ పెంపకం ఎంత క్రమశిక్షణతో సాగిందో, అనాథలనూ రోగులనూ ఎంత ఆప్యాయంగా పలకరిస్తారో వర్ణిస్తారు. పక్కనే రంగుల ఫొటో.

గుడివాడలో మా సమావేశాలకు వచ్చే కాలేజీ అమ్మాయిలు వీటిని ఇష్టంగా చదువుతారు. చదవనివ్వండి. ఒక ఆడపిల్ల రేపు దేశాధినేత అవుతుందంటే ఉత్సాహం కలగడం సహజం. నా ఫిర్యాదు అమ్మాయిల మీద కాదు, ఆ వ్యాసాలు చెప్పకుండా వదిలేసే విషయాల మీద. నెదర్లాండ్స్‌లో 1983లోనూ, బెల్జియంలో 1991లోనూ చట్టం మారిన తర్వాతే కొడుకైనా కూతురైనా పెద్ద బిడ్డకే సింహాసనం అన్నారు. స్పెయిన్ రాజ్యాంగం ఇప్పటికీ అక్క కంటే తమ్ముడికే ముందు పీట వేస్తుంది. లియోనార్‌కు తమ్ముడు లేడు కాబట్టి ఆమె వారసురాలు. అంత చదువూ, అంత శిక్షణా పొందిన పిల్ల హక్కు కూడా, పుట్టని ఒక మగపిల్లవాడి మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి ఆ రంగుల పేజీల్లో ఎక్కడా కనిపించదు. దయ గురించి రాసినంత సులభంగా హక్కు గురించి రాయరు.

ఇలాంటి కథ కోసం మనం అంత దూరం పోనక్కరలేదు. యూరపులో పెరిగిన ఒక రాజకుమార్తె మన నేలకే కోడలిగా వచ్చింది. ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి తెలుగువాళ్ళందరికీ తెలుసు. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో బందరు నుంచి కూడా, ఇక్కడ డాక్టర్లు చేతులెత్తేసిన పసిబిడ్డలను చంకనేసుకుని రాత్రి బండెక్కి అక్కడికి వెళ్ళేవాళ్ళు. నిలోఫర్ ఆసుపత్రి. ఆ పేరు ఒక మనిషిదని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

నిలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. తల్లి ఒట్టోమన్ రాజవంశపు ఆడపడుచు. రెండేళ్ళ వయసులో తండ్రి పోయాడు. 1924లో టర్కీ ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసి ఆ వంశాన్నంతా దేశం నుంచి పంపించేసింది. తల్లీ కూతుళ్ళు ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డునున్న నీస్ పట్టణంలో తలదాచుకున్నారు. రాజ్యం లేదు, ఆస్తి లేదు, మిగిలింది వంశం పేరు. అదే నీస్‌లో ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూడా ఉండేవాడు. ఆయనకు హైదరాబాదు నిజాం నెలనెలా భరణం పంపేవాడు. 1931 నవంబరులో ఆ ఖలీఫా కూతురు దుర్రెషెవార్‌ను నిజాం పెద్దకొడుకుకూ, నిలోఫర్‌ను రెండో కొడుకు మొజ్జం ఝాకూ ఇచ్చి నీస్‌లోనే పెళ్ళి చేశారు. దుర్రెషెవార్‌కు 17 ఏళ్ళు. నిలోఫర్‌కు 15.

దీన్ని చరిత్రకారులు రెండు గొప్ప వంశాల కలయిక అంటారు. నేను మాత్రం దీన్ని తండ్రి లేని, ఇల్లు లేని, దేశం లేని 15 ఏళ్ళ పిల్ల పెళ్ళి అంటాను. అప్పటికి రెండేళ్ళ క్రితమే, 1929లో, బ్రిటిషిండియాలో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు కనీసం 14 ఏళ్ళు ఉండాలంది. ఆ లెక్కన చూసినా ఆమె ఆ గీత దాటి ఒక్క ఏడాదే. ఇవాళ చట్టం 18 అంటోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్ళయిందని తేలింది. రాజుల ఇంట్లో వంశం కోసం, కూలీల ఇంట్లో భయం కోసం. కారణాలు వేరు కావచ్చు, పిల్లను అడగకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

హైదరాబాదు వచ్చిన నిలోఫర్ పరదా పాటించలేదు. సభలకు వెళ్ళింది, స్త్రీల క్లబ్బుల్లో తిరిగింది, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నర్సు శిక్షణ కూడా తీసుకుందంటారు. ఆమె అందం గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆమెకు పిల్లలు కలగలేదు. వైద్యం కోసం విదేశాల్లో డాక్టర్ల చుట్టూ తిరిగింది. 1948లో భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. 1952లో విడాకులయ్యాయి. గొడ్రాలనే మాట పూరి గుడిసెలో ఎంత పదునో రాజమహల్లోనూ అంతే పదును. పాత్ర బంగారందైనా లోపలి చేదు చేదే.

ఇక రఫత్ సంగతికి వస్తాను. రఫత్ ఆ మహల్లో నిలోఫర్‌కు పనిచేసే మనిషి. 1949లో కాన్పులో చనిపోయింది. ఆ చావు నిలోఫర్‌ను కుదిపేసింది. తన మామగారైన నిజాంకు చెప్పి, ఇలాంటి చావు మళ్ళీ జరగకూడదని పట్టుబట్టి ఆసుపత్రి కట్టించిందని చెబుతారు. 1953లో నూరు పడకలతో అది మొదలైంది. తర్వాత ప్రభుత్వం చేతుల్లో పెరిగి, లక్షలాది తల్లులకూ బిడ్డలకూ దిక్కయింది. ఆమె చేసింది మంచి పని. అందులో నాకు రెండో మాట లేదు. తన గర్భం గురించి లోకమంతా గుసగుసలాడుతుంటే, ఇంకొకరి ప్రసవం గురించి ఆలోచించగలగడం చిన్న సంగతి కాదు.

కానీ ఈ కథను మనకు ఎప్పుడూ రాణి వైపు నుంచే చెబుతారు. ఒక్కసారి రఫత్ వైపు నుంచి చూద్దాం. 1937లో అమెరికా పత్రిక టైమ్ ముఖచిత్రం వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడన్నది ఏ నిజాంను? ఆయన కోడలి దగ్గరే రఫత్ పనిచేసింది. ఆ నగరంలో అప్పటికే ఉస్మానియా ఆసుపత్రి ఉంది, ఇంగ్లండు రాణి పేరు పెట్టిన విక్టోరియా జనానా ఆసుపత్రి కూడా ఉంది. అంత డబ్బు పక్కన, అంత ప్రేమగల యజమానురాలి చెంత, ఆసుపత్రులున్న నగరంలో ఆమె చనిపోయింది. దయ ఎంత దగ్గరగా ఉన్నా దయ దయే. అది మనసు కలిగినప్పుడు వస్తుంది, చాలాసార్లు ఒక ప్రాణం పోయాక వస్తుంది. నొప్పులు మొదలైనప్పుడు రఫత్‌కు కావలసింది ఎవరో కన్నీరు కార్చడం కాదు, ఎవరినీ బతిమాలకుండా తనకు అందే వైద్యం.

ఆ మహల్ సంపద ఎక్కడిదో కూడా అడగాలి. అదే రోజుల్లో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వెట్టి చాకిరీకి ఎదురుతిరిగిన స్త్రీలు పోరాటంలో ఉన్నారు. పాలిచ్చే తల్లులను సైతం బిడ్డలను వదిలి దొర పొలంలోకి రమ్మన్న రోజులవి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్ళకు ఆ గొంతులు గుర్తుంటాయి. దానమిచ్చిన చేతి పేరు రాతి మీద చెక్కుతాం. ఆ చేతిని నింపిన చేతులకు పేరుండదు.

మా కృష్ణా జిల్లాలోనూ దానాలకు కొదవ లేదు. బందరులో నోబుల్ దొర పెట్టిన చదువు, గుడివాడలో అక్కినేని పేరుతో కళాశాల, చల్లపల్లిలో జమీందారు పేరుతో విద్యాసంస్థ. వీటిలో చదువుకుని పైకి వచ్చినవాళ్ళు వేలమంది ఉన్నారు. అయితే చల్లపల్లి జమీందారీ సొమ్ము రైతు కట్టిన శిస్తు, కూలీ చేసిన కష్టం. ఆ రైతులూ కూలీలూ భూమి కోసం పోరాడారు కాబట్టే భూమి మాటా, కూలి మాటా ఎత్తగలిగారు. దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తినప్పుడు దేశదేశాల నుంచి బట్టలు, గిన్నెలు, మందులు వచ్చాయి. వాటితో ప్రాణాలు నిలబడ్డాయి. కానీ వచ్చినదంతా ఎప్పుడు వస్తుందో, ఎవరికి అందుతుందో ఎవరూ చెప్పలేని సాయం. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, రోడ్లు రావడానికి ప్రభుత్వం బాధ్యత తీసుకోవలసి వచ్చింది. ప్రాణం నిలిపేది ఏర్పాటు. సాయం ఆ ఏర్పాటు వచ్చేదాకా ఊతం మాత్రమే.

ఈ తేడా కళ్ళారా చూడాలంటే నాగాయలంక దాటి ఎదురుమొండి దీవుల వైపు వెళ్ళాలి. వంతెన కోసం అక్కడి జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. పంటు, పడవ, వాటి వేళలు, గాలివాన వీటి మీదే జీవితం. మా సమావేశంలో అటువైపు నుంచి వచ్చిన ఒకామె ఇలా అంది: “నెలలు నిండుతున్నాయంటే ఒడ్డు దాటి చుట్టాలింటికి చేరిపోతామమ్మా. చుట్టాలు లేనోళ్ళు దేవుణ్ణి నమ్ముకోవాల్సిందే. రాత్రిపూట నొప్పులొస్తే పడవెవరు ఏస్తారు?” పక్కనున్నామె నవ్వుతూ, “పడవోడికి పెళ్ళాం ఉంటే ఏస్తాడులే వదినా” అంది. అందరం నవ్వాం. కానీ ఆ నవ్వులో ఉన్నదేమిటి? ఆడవాళ్ళ ప్రాణం ఇంకా ఎవరో ఒకరి మంచి మనసు మీద ఆధారపడి ఉందన్న సంగతే కదా.

పరిస్థితి అసలు మారలేదని నేనడం లేదు. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కి, తెలంగాణలో 43కి తగ్గింది. ఏ రాణీ దీన్ని తగ్గించలేదు. గడప గడపకీ తిరిగిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, 108 బండ్లు, ప్రభుత్వాసుపత్రి నర్సులు తగ్గించారు. వాళ్ళలో చాలామందికి ఇచ్చే జీతాన్ని గౌరవ వేతనమని పిలుస్తున్నారు. పనికి కూలి అనడానికి ప్రభుత్వానికి నోరు రాదు. అక్కడా దయా దాక్షిణ్యాల భాషే.

కోర్టులు మాత్రం హక్కు భాష మాట్లాడాయి. 1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసులో సుప్రీంకోర్టు, ప్రాణాపాయ స్థితిలో ఉన్న మనిషికి వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యతనీ, అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేననీ తేల్చి చెప్పింది. 2010లో ఢిల్లీ హైకోర్టు, గర్భిణులకు వైద్యం నిరాకరించిన కేసుల్లో, ప్రసూతి ఆరోగ్యం స్త్రీ హక్కు అన్నది. చనిపోయిన ఒక పేద తల్లి మరణంపై విచారణ జరపమంది, కుటుంబానికి పరిహారం ఇమ్మంది. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రానూపోనూ బండి అన్నీ ఉచితం. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ తక్కువలో తక్కువ 6000 రూపాయల ప్రసూతి సాయం ఇవ్వాలంది. ఇవి ఎవరి దానాలూ కావు. ఇవ్వకపోతే అడగవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకెళ్ళవచ్చు. రఫత్‌కు లేనిది ఇదే.

అందుకే మన సంస్థల పని తీరు గురించి కూడా ఒక మాట. పురిటి సామాన్ల సంచి ఇచ్చి, ఇచ్చేటప్పుడు తల్లిని నిలబెట్టి ఫొటో తీసి, దాతకు పంపే అలవాటు ఇప్పుడు ఎక్కువవుతోంది. సంచి ఇవ్వడం తప్పు కాదు. ఆ తల్లి చేత కృతజ్ఞత చెప్పించడం తప్పు. ఆమెకు సంచితో పాటు, ఆసుపత్రిలో ఆమెకు ఏమేం రావాలో రాసిన కాగితం కూడా ఇవ్వాలి. అది చదివి వినిపించాలి. ఏది రాలేదో ఆమె చేతే చెప్పించాలి.

ఇంకొకటి. ప్రతి మాతృ మరణాన్నీ సమీక్షించాలనీ, జిల్లా కలెక్టరు స్థాయిలో జరిగే సమీక్షలో కుటుంబ సభ్యుల మాట వినాలనీ నిబంధనలున్నాయి. బందరు కలెక్టరాఫీసులో ఆ సమీక్ష ఎప్పుడు జరుగుతుందో మన సంఘాలు కనుక్కోవాలి. చనిపోయిన తల్లి తరపున ఇంటివాళ్ళు ధైర్యంగా మాట్లాడేటట్టు పక్కన నిలబడాలి. రక్తం ఎందుకు అందలేదు, డాక్టరు పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉంది, రాత్రిపూట రేవులో పడవ ఎందుకు లేదు అని అడగాలి. దివిసీమ దీవులకు నిండు నెలల గర్భిణుల కోసం రాత్రీ పగలూ నిలిచి ఉండే పడవ, ఒడ్డు ఇవతల వాళ్ళు ఉండటానికి వసతి, వంతెన పని పూర్తయ్యేదాకా ఆగకుండా, ఇప్పుడే కావాలని పట్టుబట్టాలి.

నిలోఫర్ పేరు ఆసుపత్రి గుమ్మం మీద ఉంది, ఉండనివ్వండి. ఆ గుమ్మం దాటే ప్రతి తల్లికీ, దీవుల నుంచి పడవెక్కే ప్రతి ఆడబిడ్డకూ మనం చెప్పాల్సింది రఫత్ కథ. వాళ్ళు వైద్యం కోసం చేయి చాచి అడగకూడదు, వాటా అడిగినట్టు అడగాలి.