ఆరు రంధ్రాల కార్డు... రెండే ట్రాకులు!

మా మావయ్య బుర్రకథ చెబుతారు. డెబ్బై దాటాయి కదా, గొంతు బాగున్నప్పుడే ఓ కథ మొత్తం రికార్డు చేయిద్దామనుకున్నాం. డబ్బా మీద '7.1 ఛానల్' అని రాసి ఉన్న సౌండు కార్డు కొనుక్కొచ్చి కంప్యూటర్‌లో బిగించాం. వెనకాల ఆరు రంధ్రాలు. ఇంకేం, ఆరు మైకులు పెట్టేయొచ్చనుకున్నాం!

తీరా చూస్తే వాటిలో ఎక్కువ స్పీకర్ల కోసమే. 7.1 అంటే శబ్దం ఎనిమిది దారుల్లో బయటికి వెళ్తుందని. లోపలికి వచ్చే దారులు రెండే. చేసేది లేక మైకులన్నీ మిక్సర్‌లో కలిపి రెండు ట్రాకుల్లో రికార్డు చేశాం. గుమ్మెటల మోతలో మావయ్య మాట మునిగిపోయింది. కలిసిపోయిన శబ్దాల్ని విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి గానీ, విడిగా రికార్డు చేసినంత శుభ్రంగా రాదు.

కాబట్టి కొనేముందు ఇన్‌పుట్లు లెక్కపెట్టండి. బుర్రకథకైతే కథకుడి గొంతు, తంబురా, ఇద్దరు వంతల గొంతులు, రెండు గుమ్మెటలు... మొత్తం ఆరు. ఎనిమిది ఇన్‌పుట్లని రాసినా అన్నీ మైకులకు పనికిరావు. మైక్ ప్రీయాంప్‌లు ఎన్నో అడగండి. కండెన్సర్ మైకులుంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా ఉండాలి.

మరి యూఎస్‌బీ కార్డా, లోపల బిగించేదా? యూఎస్‌బీ నిదానమన్న మాట 12 మెగాబిట్ల నాటిది. 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్‌లో ఎనిమిది ట్రాకులకు సెకనుకు సుమారు 9.2 మెగాబిట్లు చాలు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగమే 480 మెగాబిట్లు! పైగా కార్డును ల్యాప్‌టాప్‌తో సహా సంచిలో వేసుకుని కళాకారుల ఇంటికే వెళ్లొచ్చు. పెట్టె లోపలి విద్యుత్ రొదకూ దూరంగా ఉంటుంది.

లోపలి కార్డు తీసిపారేసేదేం కాదు. ఒకేచోట స్థిరంగా ఉండే స్టూడియోకు, పదుల కొద్దీ ఛానళ్లకు బాగుంటుంది. అయితే చౌకగా దొరికే పాత పీసీఐ కార్డుల జోలికి వెళ్లేముందు ఆలోచించండి. కొత్త కంప్యూటర్లలో ఆ స్లాటు దాదాపు కనిపించదు. డ్రైవర్లూ దొరక్కపోవచ్చు.

ఇంకో మాట. రెండు చిన్న యూఎస్‌బీ కార్డులు కలిపి సరిపెట్టుకుందామనుకోకండి. దేని గడియారం దానిదే. కథ సాగేకొద్దీ తాళానికీ మాటకీ పొత్తు కుదరదు. విండోస్ అయితే కార్డుకు ఏసియో డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి. లేకుంటే హెడ్‌ఫోన్‌లో మన గొంతు మనకే ఆలస్యంగా వినిపిస్తుంది.

ఎనిమిది ఇన్‌పుట్ల యూఎస్‌బీ కార్డు తెచ్చి మావయ్యను మళ్లీ కూర్చోబెట్టాం. ఈసారి ప్రతి మాటా స్పష్టంగా వచ్చింది. కాకపోతే మొదటిసారి రెండు గంటలు ఏకబిగిన చెప్పిన మనిషి గంటకే అలసిపోయారు. కార్డు మళ్లీ కొనొచ్చు. ఆ రెండో గంట ఏ కొట్లో దొరుకుతుంది?