పురుగు ఎవరి చేనిది?



నా చిన్నతనంలో ఒక వానాకాలం మా ఆముదపు చేనిమీద ఎర్ర గొంగళి పురుగులు పడ్డాయి. పక్క చేనులో ఆకంతా తినేసి, గట్టు దాటి దండులా వచ్చాయి. "అతని నిర్లక్ష్యం వల్లనే మనం మునిగాం" అని మా నాయన ఆ ఆసామితో మూడేళ్లు మాట్లాడలేదు. ఆ వేసవిలో మా చేను కూడా దున్నలేదని అమ్మకు తెలుసు. ఆమె నోరు విప్పలేదు.

నెపం పక్కవారిమీదికి నెట్టడం ఏదెను తోటలోనే మొదలైంది గదా! అయినా ఈ సంగతి రాయడానికి నాకు భయంగానే ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పట్లో వరంగల్ జిల్లాలోనివే. 1997-98లో ఆ జిల్లాలో పత్తి దెబ్బతిన్నది. అకాల వర్షాలు, లద్దె పురుగు, అప్పుకు తెచ్చిన మందులు. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. ఆ మందే తాగి రైతులు చనిపోయారు. వారిని "స్వయంకృతం" అన్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. అది క్రూరమైన మాట. మందులు అంటగట్టినవారు, నాసిరకం సరుకు అమ్మినవారు తమ లెక్క తాము అప్పగించవలసిందే.

అయితే వారు లెక్క చెప్పేవరకు పురుగు ఆగదు. జనగామ దగ్గర లింగాలఘనపురం మండలంలో ఏనెబావి అనే చిన్న పల్లె ఉంది. సుమారు యాభై కుటుంబాలు. క్రాప్స్ అనే సంస్థ తోడ్పాటుతో వారు మొదట పట్టుకున్నది ఈ ఎర్ర గొంగళి పురుగునే. దీని గూళ్లు నేలలో దాగి ఉంటాయి. వేసవిలో లోతుగా దున్నితే ఎండకు, పక్షులకు పోతాయి. మిగిలినవి తొలి వానలకు రెక్కలొచ్చి లేస్తాయి. చీకట్లో మంట వేస్తే వచ్చి అందులో పడతాయి. గొంగళి బాగా ఎదిగి ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాక మందు కూడా సరిగా పనిచేయదు. చిక్కేమిటంటే, ఒక్కరు మంట వేస్తే చాలదు. అందరూ ఒకేసారి వేయాలి. ఎవరి చేను పురుగన్న విచారణ పెట్టుకుంటే ఆ రాత్రి కాస్తా గడిచిపోతుంది.

తర్వాత వేపగింజల కషాయం, పేడ ఎరువు వచ్చాయి. 2006లో ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు విడిచిపెట్టామని ప్రకటించింది. మందుల వ్యాపారి మారేదాకా వారు కాచుకోలేదు.

మా ఊళ్లో ఆ మంటలు ఎవరూ వేయలేదు. నాలుగో ఏట నాయన ఒక సాయంత్రం ఆ ఆసామి ఇంటికి వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. ఆ వేసవిలో మాత్రం రెండు చేలూ కలిపి దున్నారు.