జవాబు రాని ప్రార్థనకూ ఒక సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఒకటుంటుంది. గుంటూరు చర్చిలోనైనా, ముంబైలోని తెలుగు సంఘంలోనైనా, అమెరికాలో అద్దె హాల్లో జరిగే కూడికలోనైనా పద్ధతి ఒక్కటే. ఒకరు లేచి మైకు దగ్గరికి వస్తారు. డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు నయమైందని, రెండుసార్లు తిరస్కరించిన వీసా మూడోసారి చేతికొచ్చిందని, పదేళ్ల తర్వాత ఇంట్లో ఉయ్యాల కట్టామని చెబుతారు. సభ యావత్తూ స్తోత్రం అంటుంది. ఆ సంతోషంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

అయితే అదే సభలో వెనక వరుసలో మరొకరు కూర్చుని ఉంటారు. వారూ అంతే ప్రార్థించారు. అన్ని శుక్రవారాలూ ఉపవాసం ఉన్నారు. వారి జబ్బు నయం కాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లిన బిడ్డ తిరిగి రాలేదు. అయినా ఆదివారం మానలేదు. వారిని మాత్రం మైకు దగ్గరికి ఎవరూ పిలవరు. కష్టకాలంలో దేవుణ్ని నమ్మడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ముందుగా అడగాల్సింది వారినే.

గత రెండు మూడు దశాబ్దాల్లో టీవీ ప్రసంగాలు, స్వస్థత సభలు ఒక సులువైన లెక్కను జనంలోకి తీసుకెళ్లాయి. విశ్వాసం ఉంటే ఫలితం ఉంటుంది. ఫలితం లేదంటే విశ్వాసం చాల్లేదన్నమాట. మొదటి సగం వినడానికి బాగానే ఉంటుంది. దెబ్బంతా రెండో సగంలోనే ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దుఃఖంతోపాటు నేరం కూడా అంటగడుతుంది ఆ లెక్క. ఇది క్రైస్తవుల ఒక్కరి జబ్బు కూడా కాదు. మొక్కులో ఏదో లోపం జరిగిందనో, పూర్వజన్మ పాపమనో ఆరిందాలా చెప్పే బంధువు ప్రతి మతంలోనూ ఉంటాడు.

విచిత్రమేమంటే, ఈ లెక్కను అందరికంటే ముందు కొట్టిపారేసింది బైబిలే. యోబు గ్రంథం సారాంశం అదే. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న యోబుకు స్నేహితులు వరసగా ఉపన్యాసాలిస్తారు. నువ్వేదో పాపం చేసి ఉంటావంటారు. యోబు ఒప్పుకోడు. దేవుడితోనే వాదానికి దిగుతాడు. చివరకు దేవుడు కోప్పడింది తనను సమర్థించిన స్నేహితుల మీద. సరిగ్గా మాట్లాడింది యోబేనని తేలుస్తాడు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలేనని పండితులు చెబుతారు. వాటిలో చాలావరకు చివర్లో ఆశ వైపు మళ్లుతాయి. 88వ కీర్తన మాత్రం మళ్లదు, చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని సంకలనం నుంచి తీసెయ్యాలని వేల ఏళ్లుగా ఎవరూ అనుకోలేదు.

పౌలు తన శరీరంలోని ముల్లును తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. గెత్సేమనే తోటలో యేసు ఆ గిన్నె తన దగ్గర్నుంచి తొలగించమని అడిగాడు. అదీ తొలగలేదు. మర్నాడు శిలువ మీద, ఎందుకు నన్ను వదిలేశావని దేవుణ్నే నిలదీశాడు. అంటే క్రైస్తవానికి గుండెకాయ లాంటి ఘట్టంలోనే అడిగినది అడిగినట్టు దొరకని ప్రార్థన ఉంది. అక్కడ విశ్వాసం చాల్లేదని ఏ బోధకుడూ అనలేడు. నిలదియ్యడం నమ్మకం పోయినందుకు గుర్తు కానక్కర్లేదు. వినేవాడు ఉన్నాడనుకుంటేనే కదా ఎవరైనా ఫిర్యాదు చేసేది.

2004 డిసెంబరు 26 గుర్తు చేసుకుందాం. క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. తమిళనాడులోని వేళాంగణ్ణికి వేలాదిగా యాత్రికులు వచ్చి ఉన్నారు. సునామీ నీళ్లు బసిలికాలోకి రాలేదు. అద్భుతమని చాలామంది అన్నారు. కానీ తీరంలో ఉన్న యాత్రికులు వందల సంఖ్యలో కొట్టుకుపోయారు. వారూ అదే మాత దర్శనానికి వచ్చినవారే. గుడి నిలిచినందుకు కృతజ్ఞత చెప్పేవారు, పోయినవారి కుటుంబాలకు ఏం చెబుతారన్నదే అసలు పరీక్ష. బతికినవారికి భక్తి ఎక్కువ, పోయినవారికి తక్కువ అనే ధైర్యం ఎవరికుంది?

మిషనరీల చరిత్రను చెప్పే తీరులోనూ ఇలాంటి ఎంపికే కనిపిస్తుంది. 1812 మార్చి 11న బెంగాల్‌లోని సెరాంపూర్ ముద్రణాలయం కాలిపోయింది. విలియం కేరీ ఏళ్ల తరబడి రాసిన రాతప్రతులు, అనేక భాషల అచ్చు అక్షరాలు, కాగితం బుగ్గయ్యాయి. అందులో ఆయన తెలుగు వ్యాకరణం కూడా ఉంది. కేరీ మళ్లీ మొదట్నుంచి రాశారు. ఆ వ్యాకరణం 1814లో అచ్చయింది. చర్చీల్లో ఇష్టంగా చెప్పుకునే కథ ఇది. చెప్పుకోదగ్గదే.

ఆయన భార్య డొరొతీ కథ మాత్రం అరుదుగా వినిపిస్తుంది. 1793లో ఇష్టం లేకుండానే పిల్లలతో ఓడెక్కి బెంగాల్ వచ్చారామె. మరుసటి ఏడే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది. 1807లో మరణించే వరకూ కోలుకోలేదు. కేరీ పట్టుదలను విశ్వాసానికి నమూనాగా చూపించేవారు డొరొతీ దగ్గరికొచ్చేసరికి మాట తప్పిస్తారు. ఆమె కథకు సుఖాంతం లేదు కాబట్టి సాక్ష్యంగా పనికిరాదనుకుంటారు కాబోలు. కానీ సంఘంలో కేరీ లాంటివారి కంటే డొరొతీలే ఎక్కువ. మనసుకు వచ్చిన జబ్బును ప్రార్థన చాల్లేదన్న ఖాతాలో రాసే అలవాటు ఇప్పటికీ పోలేదు.

మరి నమ్మకం చేతల్లో ఎలా ఉంటుంది? ఒంగోలు చరిత్రలో ఒక జవాబుంది. 1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వర్షం కోసం ప్రార్థిస్తూ కూర్చోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనికి ఆయనే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారు పని చేసుకుని కూలి తీసుకునే ఏర్పాటు చేశారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అంతకంటే గమనించాల్సింది ఇంకొకటుంది. కరువు సాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం దేవుణ్ని ఒప్పుకున్నారన్న మాట రాకూడదనుకున్నారు. సాయం ఆగిన తర్వాతే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య వెనకున్న కారణాల మీద చరిత్రకారుల వాదనలు సాగుతూనే ఉన్నాయి. కానీ అన్నాన్నీ విశ్వాసాన్నీ ముడిపెట్టకూడదన్న ఆ జాగ్రత్త ఇవాళ ఆశీర్వాదాలకు ధర కట్టే బోధకులు నేర్చుకోదగ్గది.

నమ్మకమంటే అన్యాయాన్ని దిగమింగడమా? కాదనడానికి మన కాలంలోనే ఉదాహరణలున్నాయి. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, 10 ఏళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని వాహనంలోనే సజీవ దహనం చేశారు. హంతకులను క్షమించానని గ్లాడిస్ స్టెయిన్స్ ప్రకటించారు. క్షమించడం తన పని, శిక్ష సంగతి చట్టం పని అన్నది ఆమె వైఖరి. దేవుడు ఎందుకు ఆపలేదో తనకు తెలుసని ఆమె ఎక్కడా చెప్పుకోలేదు. కూతురితో కలిసి బరిపదాలోనే ఉండి 2004 దాకా కుష్ఠురోగుల ఆశ్రమం బాధ్యత చూశారు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. గాయాలకు కట్లు కట్టే ఆ పనిలో, ఏ ప్రసంగంలోనూ దొరకని ధర్మశాస్త్రం ఉంది.

శ్రీలంకలో 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఉదయం మూడు చర్చీలు, మూడు పెద్ద హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. 250 మందికి పైగా చనిపోయారు. పునరుత్థానాన్ని కొనియాడే పూటే శవపేటికలు వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పటి కొలంబో ఆర్చిబిషప్ మాల్కం రంజిత్ ముందు ప్రజలను ప్రతీకారానికి దిగవద్దని కోరారు. తర్వాత నిజం చెప్పమని ప్రభుత్వాలను ఏళ్ల తరబడి నిలదీశారు. భారత్ నుంచి ముందే అందిన హెచ్చరికలను ఎందుకు పట్టించుకోలేదన్న ప్రశ్నను బాధితులు కోర్టుకు తీసుకెళ్లారు. 2023 జనవరిలో శ్రీలంక సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన 10 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. కొవ్వొత్తి వెలిగించిన చేత్తోనే పిటిషన్ మీద సంతకం చెయ్యొచ్చు. దేవుణ్ని నమ్మేవారు అధికారులను ప్రశ్నించకూడదన్న నియమం ఏ గ్రంథంలోనూ లేదు.

నమ్మకంలేనివారికి ఇదంతా మనసును జోకొట్టుకోవడంలా కనిపించవచ్చు. వారి అనుమానాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. బాధకు కారణమేమిటన్న ప్రశ్నకు క్రైస్తవం దగ్గర తుది జవాబు లేదు. యోబుకూ దేవుడు కారణం చెప్పలేదు. కనిపించాడు, మాట్లాడాడు, అంతే. ఆ మాత్రం దానితో బతకగలిగినవారే ఈ విశ్వాసాన్ని ఇంతదూరం మోసుకొచ్చారు. మందుబిళ్లను, కోర్టు మెట్లను, కూలిపనిని వదులుకోకుండానే మోశారు.

సంఘాలు చెయ్యగలిగిన పని పెద్దదేమీ కాదు. నెలకొకసారైనా సాక్ష్యాల సమయంలో వెనక వరుసవారికి మైకు ఇవ్వాలి. ఇంకా నయం కాలేదు, ఇంకా ఉద్యోగం రాలేదు, అయినా వచ్చానని వారు చెబితే దాన్నీ సాక్ష్యంగానే వినాలి. చెప్పడం ఇష్టం లేకపోతే పక్కన కూర్చోవాలి. యోబు స్నేహితులు కూడా వచ్చిన కొత్తలో ఆ పనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతనితోపాటు నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే పొరపాటు మొదలైంది.