నిప్పు కాడ మనిషికి కాలని బట్ట ఏది?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊక పోసి బాయిలర్ మండించేదెవరు? కోదాడ అవతల మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లో, లోపల 1450 డిగ్రీల దాకా కాగే కొలిమి కాడ నిలబడేదెవరు? మన వాడల బిడ్డలు, పొట్ట చేతబట్టుకుని వచ్చిన వలస కూలీలు. ఒంటిమీద సూర్యాపేట బజార్లో కొన్న పాలిస్టర్ చొక్కా!

పాలిస్టర్ 260 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది. కరిగి బెల్లంపాకం లెక్క చర్మానికి అతుక్కుంటుంది. ఊక బూడిద కుప్ప పైకి చల్లగానే కనపడుతుంది, లోపల నిప్పు రగులుతుంటుంది. అందులో కాలు దిగబడితే ఆ ప్యాంటు కాపాడదు, పట్టుకుని కాలుస్తుంది.

కరగని బట్ట లేదా? ఉంది. అరమిడ్ అంటారు. ఫైర్ సిబ్బంది కోట్లకు వాడే నోమెక్స్, 1965లో స్టెఫనీ క్వాలెక్ అనే మహిళా శాస్త్రవేత్త పరిశోధనలో పుట్టిన కెవ్లార్ దాని రకాలే.

ఇందులో మంత్రమేమీ లేదు. ఏ దారమైనా అణువుల గొలుసుల కట్ట. పాలిస్టర్ గొలుసుకు నడుమ వంగే కీళ్లున్నాయి. వేడి తగిలితే గొలుసులు ఒకదానిమీద ఒకటి జారతాయి, దారం కరుగుతుంది. అరమిడ్ గొలుసులో వంగని బెంజీన్ వలయాలు, బిగిసిన అమైడ్ ముడులు. పైగా ప్రతి గొలుసూ హైడ్రోజన్ బంధంతో పక్కదాని చెయ్యి పట్టుకునుంటుంది. అందుకే కరగదు. 400 డిగ్రీలు దాటాక మెల్లగా బొగ్గవుతుంది, ఆ బొగ్గు పొరే చర్మానికి అడ్డం. మంట తీస్తే తానే ఆరుతుంది. చేతులు పట్టుకున్నదే నిలుస్తుంది. సంఘమూ అంతే!

1967 జనవరి 27న అమెరికాలో అపోలో-1 నౌకలో మంటలొచ్చి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. వాళ్ల నైలాన్ సూట్లు కరిగిపోయాయి. తర్వాత సూట్ల పైపొరకు మండని గాజునూలు బట్ట వేశారు. వాళ్ల ప్రాణానికి బట్ట మారింది. కూలోడి ప్రాణానికి మారదేం?

ఖరీదంటారు యజమానులు. భోపాల్ ఘోరం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, కార్మికుల భద్రత యజమాని బాధ్యత అని రాశారు. చట్టం పేరు మారినా ఆ బాధ్యత పోలేదు. ఇది దానం కాదు, హక్కు.

మన డిమాండ్ ఒక్కటే: నిప్పు కాడ పనిచేసే ప్రతి మనిషికీ యజమాని ఖర్చుతో అరమిడ్ కోటు, లేదంటే మంట అంటకుండా మందు పట్టించిన నూలు కోటు, తోలు బూట్లు, చేతి తొడుగులు ఇవ్వాలి.

అందాకా అన్నలారా, అక్కలారా, నిప్పు కాడికి పాలిస్టర్ వద్దు. మందపాటి నూలు బట్టే కట్టండి. అదీ కాలుతుంది గానీ కరిగి అతుక్కోదు. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయండి. అతుక్కున్న బట్ట పీకొద్దు, పసుపు, పేస్టు పూయొద్దు. దవాఖానకు తీసుకపోండి.

మన చర్మం ఊక కన్నా చౌక కాదు. జై భీమ్!