వేలికి అందే కీ కావాలి

భోగాపురం మండలంలోని బ్యాండు మేళాల మాస్టర్లకు, వాయిద్యకారులకు, పిల్లలకు వాయిద్యం నేర్పిస్తున్న తల్లిదండ్రులకు, కళను ఆదరించే పెద్దలకు విన్నపం



మొన్న మాఘమాసంలో ఒక పెళ్లి మేళంలో నా పక్కన నిలబడి వాయిస్తున్న కుర్రాడి చేతివైపు చూశాను. కుడిచేతి చిటికెన వేలు కీ మీదికి అందక మణికట్టంతా వంచి తోస్తున్నాడు. ఒక కీకి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. స్ప్రింగు విరిగి నెలలైందట. "ఎలా వాయిస్తున్నావు బాబూ?" అని అడిగితే, "గట్టిగా నొక్కితే పలుకుద్ది మాస్టారూ" అన్నాడు.

ఆ "గట్టిగా నొక్కడం" గురించే ఈ కరపత్రం.

ముప్పై ఏళ్లుగా క్లారినెట్ నా చేతిలో ఉంది. నేనూ అలాగే నొక్కాను. ఇప్పుడు తెల్లవారుజామున లేచేసరికి కుడి బొటనవేలు ముడుచుకోదు. ఇది వయసు తెచ్చిన నొప్పి అనుకున్నాను చాలాకాలం. కాదు, సరిచేయించని వాయిద్యం తెచ్చిన నొప్పి. ఈ నొప్పి మన పిల్లలకు ఆస్తిలాగా అప్పజెప్పకూడదు. వేలిని వంచి వాయిద్యానికి సరిపెట్టింది చాలు. ఇక వాయిద్యాన్ని వేలికి సరిచేసుకుందాం. ఆ పని చేయగల చేతులు మన జిల్లాల్లోనే ఉన్నాయి.

అసలు చిక్కు ఎక్కడుంది?

సన్నాయి వాయించేవారు క్లారినెట్ పట్టుకుంటే మొదట తికమకపడతారు. సన్నాయిలోనైనా వేణువులోనైనా ఊపిరి బిగిస్తే అదే వేలిపట్టుకు పై స్థాయి పలుకుతుంది. అంటే 12 స్వరస్థానాలు దాటగానే వేళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. క్లారినెట్ గొట్టం పొడవునా ఒకే లావు. ఒక చివర రీడుతో మూసి ఉంటుంది. అందువల్ల ఎడమ బొటనవేలి దగ్గరున్న స్పీకర్ కీ నొక్కితే కింది షడ్జం పలికిన పట్టులో పై స్థాయి పంచమం పలుకుతుంది. ఇక్కడ 19 స్వరస్థానాలు దాటితే గానీ వేళ్లు మొదటికి రావు. మధ్యలో మిగిలిన ఆ స్వరాలన్నిటికీ అదనంగా రంధ్రాలు కావాలి, వాటిని మూయడానికి, తెరవడానికి కీలు కావాలి.

ఇప్పుడు బజారులో దొరికే మామూలు బోయెం పద్ధతి క్లారినెట్‌కు 17 కీలు, 6 రింగులు, 24 రంధ్రాలు. కుడి బొటనవేలు వాయిద్యం బరువు మోస్తుంది కాబట్టి మనకు మిగిలేవి తొమ్మిది వేళ్లు. తొమ్మిది వేళ్లతో 24 రంధ్రాలను ఏలాలి! కీ ఒక్కటి అటూ ఇటూ అయినా వేలు దాని కోసం వెతుక్కోవాలి. ద్రుతంలో వెతుక్కునే తీరిక ఎక్కడిది?

చిటికెన వేళ్ల సంగతి మరీ కష్టం. కుడి చిటికెన వేలికి నాలుగు కీలు, ఎడమ చిటికెన వేలికి మూడు. ఆ నాలుగింటిలో మూడింటికి ఎడమవైపు జత ఉంది, నాలుగోదానికి లేదు. దాని ముందు స్వరం కూడా కుడి చిటికెన వేలిదే అయితే వేలిని ఒక కీ మీది నుంచి ఇంకో కీ మీదికి జార్చాలి. మన పిల్లలు తడబడే చోట్లలో ఇది ముఖ్యమైనది. మాస్టర్లు "సాధన చాలదు" అని కసురుతారు. లోపం సాధనలో కాదు, కీల అమరికలో ఉంది.

దీనికి సముద్రపు గాలి తోడు. ముక్కాం, చేపలకంచేరు వైపు ఇళ్లలో ఇనుప మేకు ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు. క్లారినెట్ స్ప్రింగులు సూదిలాంటి ఉక్కు ముక్కలు. ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుంటాయి, లేదా పుటుక్కున విరుగుతాయి. కీ కింద రంధ్రాన్ని మూసే ప్యాడు తేమకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పై ప్యాడు ఒక్కటి వెంట్రుకవాసి లేచినా కింది స్వరాలన్నీ కీచుమంటాయి. వాయించేవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా నొక్కుతాడు. పిల్లవాడైతే వాయిద్యం పక్కన పెట్టేస్తాడు. "మా గుంటడి చెయ్యి చిన్నదండీ, పెద్దయ్యాక చూద్దాం" అని తండ్రి తీసుకుపోతాడు. పెద్దయ్యాక ఎవరూ తిరిగి రారు.

ఇది మనం మొదలుపెట్టే పని కాదు

"వాయిద్యాన్ని మార్చడమేమిటి, అపచారం" అనేవారు ఒక్కసారి దాని పుట్టుక చూడండి. క్లారినెట్ రూపుదిద్దుకున్నది సుమారు 1700లో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో, యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ చేతుల్లో. అప్పుడు దానికి రెండే కీలు. 1812లో ఇవాన్ ముల్లర్ అనే వాయిద్యకారుడు 13 కీలు పెట్టి పారిస్ సంగీత విద్యాలయం పెద్దల ముందుంచాడు. ఒకే వాయిద్యం మీద అన్ని శ్రుతులూ వాయించగలిగితే వేర్వేరు క్లారినెట్లకున్న వేర్వేరు నాదఛాయలు పోతాయని ఆ పెద్దలు కాదన్నారు. ఆ తర్వాత లోకమంతా ఆ 13 కీల బాటే పట్టింది.

మ్యూనిక్‌లో తియోబాల్డ్ బోయెం కంసాలి ఇంట పుట్టాడు, ఆ విద్యే నేర్చాడు, ఫ్లూటు వాయించాడు. 1831లో లండన్ వెళ్లి చార్లెస్ నికొల్సన్ వాయిద్యం విన్నాడు. నికొల్సన్‌వి పెద్ద చేతులు, ఆయన ఫ్లూటుకు పెద్ద రంధ్రాలు, ఆ నాదం గంభీరం. అలాంటి చేతులు తనకు లేవు. బోయెం తన వేళ్లను తిట్టుకోలేదు. నాదం ఎక్కడ కోరితే అక్కడ రంధ్రం వేశాడు. వేలు అందని రంధ్రానికి రింగుతో, కడ్డీతో దారి వేశాడు. 1832లో కొత్త ఫ్లూటు తయారైంది. ఆ సూత్రాన్నే క్లోజే అనే ఆచార్యుడు, బ్యూఫే అనే తయారీదారు క్లారినెట్‌కు తెచ్చి 1839లో పారిస్‌లో ప్రదర్శించారు. మన చేతిలో ఉన్నది దాని వారసురాలే. ఒక కంసాలి చేతి విద్యే ఈ కీల పద్ధతికి మూలం అని మన ఊరి కంసాలులు గర్వంగా చెప్పుకోవచ్చు.

మన దేశంలో మాత్రం? టి.ఎన్. రాజరత్నం పిళ్లై కాలందాకా నాదస్వరంలో శుద్ధమధ్యమం సరిగ్గా పలికించడానికి విద్వాంసులు అవస్థపడేవారు. ఆయన కోరిక మీద తమిళనాట నరసింగంపేట రంగనాథన్ ఆచారి పొడవైన నాదస్వరాన్ని సరిచేసి ఇచ్చారు. ఇవాళ గుడిలో మనం వినే గంభీరమైన నాదం ఆ మార్పు పెట్టిన భిక్షే. నాదస్వర విద్వాంసుడి కొడుకైన కద్రి గోపాలనాథ్ సాక్సోఫోన్‌ను తన చేతికి, గమకానికి అనువుగా మార్పించుకుని కచేరీ వేదిక ఎక్కించారు. వాళ్లెవరూ సంప్రదాయాన్ని చెడగొట్టలేదు, దానికి ఆయుష్షు పోశారు.

ఇంకా దగ్గరికి రండి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. వయొలిన్ మనది కాదు కదా! కింద కూర్చుని, పాదం మీద ఆనించి, తీగల శ్రుతి మార్చి మన పెద్దలు దాన్ని మనదాన్ని చేసుకున్నారు. క్లారినెట్‌కు మాత్రం ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

గమకం పోతుందనే భయం

ఈ భయం న్యాయమైనదే, దాన్ని తోసిపుచ్చను. బోయెం పద్ధతిలో వేలు రంధ్రాన్ని మూస్తూనే చుట్టూ ఉన్న రింగును కూడా నొక్కుతుంది. ఆ రింగు ఇంకోచోట ఇంకో ప్యాడును కదుపుతుంది. మనం జారు కోసం వేలిని మెల్లగా పక్కకు తీస్తుంటే రింగు ఒక్కసారి పైకి లేస్తుంది, స్వరం గెంతుతుంది. మన తోడిలో, భైరవిలో ఈ గెంతు చెవికి ముల్లు.

అందుకే "కీలు పెంచండి" అని గుడ్డిగా అడగడం లేదు. ఎక్కడ వేలు నేరుగా రంధ్రాన్ని తాకాలో అక్కడ కీ అడ్డు రాకూడదు. ఎక్కడ వేలు అందదో అక్కడ కీ వేలికి ఎదురు రావాలి. టర్కీ వాయిద్యకారులు ఈ ఆలోచనతోనే ఆల్బర్ట్ పద్ధతి క్లారినెట్‌ను వదల్లేదు. దానికి రింగులు తక్కువ, వేలు స్వేచ్ఛగా జారుతుంది, వారి సంగీతంలోని జారులు నిలుస్తాయి. మన తాతల అటకల మీద ఉన్న పాత క్లారినెట్లలో ఆ తరహావి ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. వాటిని కొలిచి, సరిచేసి, మళ్లీ పలికించవచ్చు.

మేం అడుగుతున్నవి

1. ఆషాఢం మరమ్మతు నెల కావాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మేళాలు ఇంటిపట్టునే ఉంటాయి. ఆ నెలలో ప్రతి క్లారినెట్‌నూ విప్పి శుభ్రం చేసి, ప్యాడ్లు, స్ప్రింగులు, కార్కులు చూడాలి. పరీక్ష తేలిక. సన్నని సిగరెట్ కాగితం ముక్కను ప్యాడు కింద పెట్టి కీ మెల్లగా మూసి లాగండి. చుట్టూ నాలుగు వైపులా సమానంగా పట్టుకుంటే ప్యాడు మంచిది. ఒకవైపు వదులుగా జారివస్తే అక్కడ గాలి పోతోందన్నమాట. ఉక్కు స్ప్రింగు విరిగితే దాని స్థానంలో తుప్పుపట్టని ఫాస్ఫర్ కంచు స్ప్రింగు వేయించాలి.

2. వేలి బలం కాదు, వేలి బరువు చాలాలి. గాలి పోకుండా ప్యాడు కూర్చున్నాక స్ప్రింగుల బిగువు తగ్గించాలి. రింగు నొక్కినప్పుడు రంధ్రం అంచుతో సమంగా దిగాలి. అంచు కన్నా పైనే ఆగిపోతే వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయలేదు. ఈ రెండూ సరిచేస్తే సగం వాయిద్యాలు కొత్త ఖర్చేమీ లేకుండానే తేలికవుతాయని నా అనుభవం.

3. చిటికెన వేలికి న్యాయం జరగాలి. కీ కొనను చేతి కొలతకు తగ్గట్టు వంచడం, పొడిగించడం చేయాలి. ఎడమవైపు లేని ఆ నాలుగో కీని వీలైన వాయిద్యాలకు చేర్చాలి. పూర్తి బోయెం క్లారినెట్లకు అది ఉంటుంది కాబట్టి నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు.

4. చిన్న చేతికి చిన్న వాయిద్యం ఇవ్వాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు బి-ఫ్లాట్ క్లారినెట్ ఇచ్చి వేళ్లు చాచమనడం హింస. పొట్టిగా, రంధ్రాలు దగ్గరగా ఉండే ఇ-ఫ్లాట్ క్లారినెట్‌తో మొదలుపెట్టాలి. బొటనవేలి ఆధారం పైకీ కిందికీ జరిగేలా ఉండాలి, మెడ పట్టీ తప్పనిసరి చేయాలి. బరువు మెడకు పంచితే వేలు ఆడుతుంది.

5. మన జిల్లాల్లోనే కీల కార్ఖానా ఒకటి కావాలి. ఇప్పుడు బ్యాండు వాయిద్యం పాడైతే మీరట్ సరుకు వైపు చూడాల్సి వస్తోంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పనివారు తరతరాలుగా లోహాన్ని మలుస్తున్నారు. కర్ర తెలిసినవాళ్లు, లోహం తెలిసినవాళ్లు, స్వరం తెలిసిన విజయనగరం కళాశాల ఒకచోట కూర్చుంటే క్లారినెట్ కీ ఎంత పని? కళాశాలలో వాయిద్యాల మరమ్మతు మీద చిన్న కోర్సు పెట్టాలని, నైపుణ్య శిక్షణ కార్యక్రమాల్లో ఈ పనిని చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. విమానాశ్రయం వల్ల భోగాపురం పేరు దేశమంతా తెలిసింది. ఆ పేరుతో పాటు మా ఊరి యువకులకు ఒక చేతిపని కూడా దక్కాలి.

6. మన డబ్బు మన గల్లాపెట్టెలో ఉండాలి. ప్రభుత్వం వచ్చేదాకా ఆగొద్దు. ఒక్కో పెళ్లి బేరానికి మేళం తరఫున వంద రూపాయలు పక్కన పెడదాం. ఆ సొమ్ముతో మొదట ప్యాడ్లు, స్ప్రింగులు టోకుగా కొందాం. తర్వాత పిల్లల కోసం రెండు ఇ-ఫ్లాట్ క్లారినెట్లు కొని, నేర్చుకునేవారికి వంతులవారీగా ఇద్దాం. లెక్క ప్రతి నెలా అందరి ముందూ చదవాలి.

"మా తాతలు ఇలాగే వాయించలేదా?"

వాయించారు. వేళ్లు కాయలు కాచేలా వాయించారు. వాళ్ల ఓర్పుకు దండం పెడతాను. ఆ ఓర్పు వాళ్ల గొప్పతనమే గానీ వాయిద్యం గొప్పతనం కాదు. తాత నూతిలో నీళ్లు తోడి తెచ్చాడని మనవరాలికి కుళాయి వద్దంటామా? ఆ తాతల్లో ఎంతమంది యాభై దాటకుండానే క్లారినెట్ దించి డప్పుకో, తాళానికో మారారో పాత మేళగాళ్లనడగండి. వాళ్ల పాట చేతివేళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఈ నేల మీద ఇలాంటి వాదన కొత్త కాదు. నోరు తిరగని గ్రాంథికాన్ని బడిపిల్లల మీద రుద్దొద్దని, జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడారు. గురజాడ అప్పారావుగారు విజయనగరంలో కూర్చుని వాడుక మాటల్లోనే మహానాటకం రాసి చూపించారు. నోటికి అందే భాష కోసం పోరాడిన నేల ఇది. వేలికి అందే కీ కోసం కూడా ఇక్కడే అడుగు పడాలి.

ఇప్పుడు చేయవలసినది

ఈ వచ్చే ఆషాఢం మొదటి ఆదివారం మీ క్లారినెట్ ఎంత పాతదైనా సరే, రబ్బరు బ్యాండు చుట్టినదైనా సరే, భోగాపురం పట్టుకురండి. స్థలం సంగతి మేళాల మాస్టర్లందరికీ ముందుగా కబురు చేస్తాం. ఆ రోజు అందరి వాయిద్యాలూ విప్పుదాం, పిల్లల చేతుల కొలతలు రాసుకుందాం, ఏ కీ ఎవరికి ఎంత దూరమో లెక్క కడదాం. గొల్లపల్లికి, బుడితికి, కళాశాలకు తీసుకెళ్లాల్సింది ఆ కొలతల కాగితమే. వట్టి అర్జీ పట్టుకెళ్తే ఎవరూ చూడరు; కొలతలు పట్టుకెళ్తే పనివాడు వెంటనే సుత్తి అందుకుంటాడు.

తల్లిదండ్రులారా, చెయ్యి చిన్నదని ఇంటికి తీసుకుపోయిన మీ పిల్లల్ని ఆ రోజు వెంట తీసుకురండి. మొదటి కొలత వాళ్లదే.

ఇట్లు,
భోగాపురం మండలం క్లారినెట్, సన్నాయి వాయిద్యకారుల తరఫున
ఒక క్లారినెట్ మాస్టరు