ఊరు లేని పండు

పోయిన వేసవిలో, పరీక్షలయ్యాక, హైదరాబాదులో మా పిన్నిగారింట దిగాను. సాయంకాలం పళ్ళు తెమ్మని పిన్ని సంచీ చేతికిచ్చింది. వీధి చివరి పెద్ద దుకాణంలో ఆపిల్ పళ్ళు, ఒక్కొక్కదాని నెత్తినా బొట్టుబిళ్ళంత స్టిక్కరు. పక్కన మామిడిపళ్ళ రాశి. వాటికి ఏ బిళ్ళా లేదు.

"ఇవి ఎక్కడివండీ?" అన్నాను.

"బంగినపల్లి."

"రకం కాదు, ఊరు అడుగుతున్నా."

కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "తీపి చూసుకోండి సార్, ఊరెందుకు?" అన్నాడు.

ఊరెందుకో నాకు తెలుసు. మాది నూజివీడు దగ్గర పల్లె. మా నాన్నకు నాలుగెకరాల మామిడితోట. కాయ కోసి, సొన ఆరనిచ్చి, గడ్డి పరిచి సర్ది లారీ ఎక్కించేదాకా అది మా తోట కాయ. మార్కెట్లో పాట ముగిసిన మరుక్షణం ఉత్త కాయ! పక్వానికొచ్చేదాకా ఆగి కోసినవాడిదీ, ధర కోసం పసరుకాయ దులిపినవాడిదీ ఒకే రాశిలో పడితే, ఆగినవాడు మరుసటేడు మాత్రం ఎందుకు ఆగాలి? బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. పేరుకు రక్షణ దొరికింది సరే, అంగట్లో పండుకు చిరునామా ఏదీ?

చట్టం లేదా అంటే ఉంది. దిగుమతైన ప్యాకెట్టు మీద ఏ దేశానిదో రాయాలన్న నిబంధన 2018 నుంచి అమలులో ఉంది. అయితే అది ప్యాకెట్టుకే. రాశి పోసి అమ్మేదానికి వర్తించదు. పోనీ ఆపిల్ మీది ఆ బిళ్ళ చూద్దామా? దాని మీది అంకె రకాన్ని చెబుతుంది గాని దేశాన్ని కాదు. 4011 అంటే పసుపు అరటిపండు, ఏ ఖండంలో పండినా సరే!

చౌక విదేశీ ఆపిల్ ముంచెత్తుతోందని హిమాచల్, కాశ్మీర్ రైతులు మొత్తుకోగా, కిలో 50 రూపాయలకు మించని ధరతో వచ్చే ఆపిల్ దిగుమతిని, భూటాన్‌ది మినహాయించి, 2023 మేలో కేంద్రం నిషేధించింది. 2025 మేలో టర్కీ ఆపిల్ కొనబోమని పూణే వ్యాపారులు ప్రకటించారు. వాళ్ళకు పెట్టె మీద దేశం పేరు కనిపిస్తుంది కనుక కొనడమో మానడమో వాళ్ళ చేతిలో ఉంది. పెట్టె విప్పి రాశి పోశాక నాకూ మీకూ ఆ స్వేచ్ఛ ఎక్కడిది?

ఈ మాట హాస్టల్లో అంటే మా గది మిత్రుడు, "తోపుడుబండి తాతను కూడా కోర్టుకీడుస్తావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. యూరప్‌లో విడిపళ్ళకు సైతం పక్కన పలక మీద దేశం పేరు రాయాలి. అమెరికాలో 2008 నుంచి పళ్ళకూ కూరగాయలకూ ఆ నియమం ఉంది. గొడ్డుమాంసానికీ పందిమాంసానికీ 2015లో ఎత్తేశారు గాని పళ్ళకు ఎత్తేయలేదు. పైగా ఏడాదికి 2,30,000 డాలర్లకు మించి పళ్ళూ కూరగాయలూ కొనని చిన్న కొట్టుకు అది పట్టదు. అక్కడ పండినదానికి దేశం బదులు రాష్ట్రం పేరు రాసినా చాలు. మరి మనం జిల్లా పేరో, మండలం పేరో ఎందుకు రాయించకూడదు? మార్కెట్టు పెట్టెలో ఒక చీటీ, పెద్ద దుకాణంలో ఒక పలక. తాత బండి జోలికి పోనక్కరలేదు. అబద్ధం రాస్తారంటారా? రాస్తారు. రాసిన అబద్ధాన్నయితే పట్టుకోవచ్చు.

ముందు మన మెస్సు గుమ్మంలోనే ఒక పలక పెడదామని మెస్ కమిటీకి చెప్పి చూశాను. "సాంబారులో ముక్కలు రానీ, తర్వాత వాటి ఊరు రాద్దాం" అన్నారు.

ఆ రోజు రెండు కిలోలు తీసుకుని ఇంటికెళ్ళాను. పిన్ని ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఎంత బావుందిరా! మీ ఊరిదేనేమో" అంది. ఏం చెప్పాలో తోచక టెంక చీకుతూ కూర్చున్నాను.