జరిమానా ఖజానాకు, నష్టం పౌరుడికి: డేటా రక్షణ చట్టంలో మిగిలిన లోటు

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు. పుట్టిన తేదీని, వేలిముద్రను, వైద్య పరీక్షల వివరాలను మార్చుకోలేం. ఒకసారి బయటికి పొక్కిన వ్యక్తిగత సమాచారాన్ని ఏ న్యాయస్థానమూ వెనక్కి తేలేదు. అందుకే నిర్లక్ష్యం కన్నా జాగ్రత్తే చౌక అని సంస్థలకు ముందుగానే తెలియాలి. భారీ జరిమానాల అసలు ప్రయోజనం అదే.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో స్పష్టం చేసింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువు లభించింది.

తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. డేటా లీకైన సంగతిని డేటా పరిరక్షణ బోర్డుకు, బాధితులకు తెలపకపోతే రూ.200 కోట్ల వరకు విధించవచ్చు. ఈ రెండో నిబంధన ఎంతో కీలకం. తన ఖాతా వివరాలు బయటపడ్డాయని తెలిసిన వ్యక్తి అపరిచితుల ఫోన్‌ను అనుమానిస్తారు. తెలియని వ్యక్తి బ్యాంకు వారేనని నమ్మి ఓటీపీ చెప్పేస్తారు.

అయితే ఈ గరిష్ఠ పరిమితికి సంస్థ ఆదాయంతో సంబంధం లేదు. ఐరోపా సమాఖ్యలో తీవ్ర ఉల్లంఘనలకు 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు విధించవచ్చు. 2023లో ఐర్లాండ్ నియంత్రణ సంస్థ మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంతటి సంస్థకు రూ.250 కోట్లు వ్యాపార ఖర్చులో ఒక పద్దు మాత్రమే.

బాధితుడి పరిస్థితి మరింత ఆలోచించదగినది. భద్రతలో నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలని ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ చెబుతోంది. కొత్త చట్టం పూర్తిగా అమలైతే ఆ సెక్షన్ రద్దవుతుంది. జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి చేరుతుంది. అందులో బాధితుడికి వాటా లేదు.

జరిమానా సంస్థలను దారిలో పెట్టగలదు. నష్టపోయిన మనిషిని ఆదుకోవడానికి మాత్రం అది చాలదు. ఆ పరిహార మార్గాన్ని చట్టంలోకి తిరిగి తేవడం పార్లమెంటు బాధ్యత.